తొమ్మిది నెలల బాబును వేరే పక్క మీద పడుకోబెట్టాలా?

రాయగడ రైల్వే క్వార్టర్స్ నుంచి ఒక తల్లి రాశారు. పేరు వద్దన్నారు. ఉత్తరం పెద్దది. అసలు సంగతి పోకుండా కుదించి ఇస్తున్నాను.

ఆవిడకి ఇరవై ఏడేళ్ళు. తొలిచూలు బాబు, వచ్చే వారానికి తొమ్మిది నెలలు నిండుతాయి. భర్త గూడ్సు బళ్ళ మీద అసిస్టెంట్ లోకో పైలట్. కోరాపుట్ వైపు కొండల్లో సొరంగాలూ వంతెనలూ ఉన్న లైన్లో డ్యూటీ. ఎప్పుడు పిలుపొస్తుందో, ఎప్పుడు ఇంటికొస్తాడో తెలియదు. కాన్పు పార్వతీపురంలో, పుట్టింట్లో జరిగింది. అక్కడ దూలానికి చీర ఉయ్యాల కట్టి ఊపితే పిల్లాడు హాయిగా పడుకునేవాడు. అయిదో నెలలో రాయగడ తీసుకొచ్చారు. అప్పట్నుంచి డబుల్ కాట్ మీద తల్లికీ తండ్రికీ మధ్య. పాలు తాగుతూనే నిద్రపోతాడు. రాత్రికి అయిదారుసార్లు లేస్తాడు, లేచిన ప్రతిసారీ మళ్ళీ పాలే. నిద్రలో ఎక్కడ వాడి మీదకి దొర్లుతానో అన్న భయంతో భర్త ముందు గదిలో చాప వేసుకున్నాడు. కిందటి నెల ఒక తెల్లవారుజామున పిల్లాడు పాక్కుంటూ మంచం దాటి కింద పడ్డాడు. నుదుటి మీద బొప్పి కట్టింది. మజ్జిగౌరమ్మ తల్లి దయవల్ల అంతకు మించి ఏమీ కాలేదు.

ఆ సంగతి విని విశాఖలో ఉన్న ఆడపడుచు తన పిల్లలు వాడిన చెక్క క్రిబ్, అంటే చుట్టూ కమ్మీలున్న పిల్లల మంచం, పంపింది. “మూడు రాత్రులు ఏడవనీ వదినా, నాలుగో రాత్రికి వాడే పడుకుంటాడు” అంది. మొదటి రాత్రి గంటసేపు ఏడ్చాడు. రెండో రాత్రి గుక్కపట్టి ఏడ్చి వాంతి చేసుకున్నాడు. అత్తగారు లేచొచ్చి పిల్లాణ్ణి ఎత్తుకుని, “కన్నతల్లివేనా నువ్వు?” అన్నారు. ఆ తర్వాత రెండు రోజులు మాటల్లేవు. హాల్లో కొక్కెం ఉంది కదా, ఉయ్యాల కట్టేద్దామని ఇప్పుడు ఆవిడ పట్టు. పక్క క్వార్టర్‌లో ఉండే ఒడియా మావుసీ తన అయిదుగురు పిల్లలూ తన గుండె మీదే పెరిగారని రోజూ చెబుతుంది. భర్త ఏమీ అనడు. క్రిబ్‌లో ఉతికిన బట్టలు మడతపెట్టి ఉన్నాయి. అత్తగారు సంక్రాంతికి ఊరెళ్ళి నెల రోజులుండి వస్తారు.

“వాణ్ణి పక్కలోంచి తీసేస్తే నేను రాక్షసినా? తీయకపోతే చెడగొడుతున్నానా? ఏదో ఒకటి చెప్పండి, అదే చేస్తాను” అని ముగించారు. మధ్యలో ఎక్కడో, రాత్రి మూడింటికి సోఫాలో కూర్చుని పాలిస్తూ తనూ నిద్రపోతున్నానని ఒక వాక్యం. ఒక్కోరోజు బాత్రూంలో కుళాయి తిప్పి ఏడుస్తున్నానని ఇంకో వాక్యం. చివర తా.క. పెట్టి, క్రిబ్ కమ్మీల మధ్య సందు ఎంతుండాలని అడిగారు.

అమ్మా,

ఏదో ఒకటి చెప్పమన్నారు. చెబితే నాకు సులువే, కానీ రాత్రి రెండింటికి లేచేది మీరు. అందుకని ఏ దారిన పోతే ఏమవుతుందో చెబుతాను, ఎంచుకోవడం మీ ఇంట్లోవాళ్ళ పని. ఒక్క విషయంలో మాత్రం నచ్చజెప్పడం లేదు, గట్టిగానే అంటున్నాను. ఈ రాత్రి నుంచి సోఫాలో పాలివ్వడం మానేయండి.

మీరు దాన్ని దాటుకుంటూ రాశారు గానీ, ఉత్తరం మొత్తంలో నన్ను ఉలిక్కిపడేలా చేసింది ఆ వాక్యమే. కునికే తల్లి చేతుల్లోంచి పిల్లాడు జారి సోఫా వీపుకీ దిండుకీ మధ్య ఇరుక్కుంటే ఊపిరాడదు, అరవడానికీ ఉండదు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2022లో ఇచ్చిన సూచనల్లో పసిపిల్లతో సోఫాలోగానీ వాలు కుర్చీలోగానీ నిద్రపోవడాన్ని మంచం మీద పక్కన పడుకోవడం కంటే చాలా ప్రమాదమని చెప్పారు. కళ్ళు మూసుకుపోతున్నాయనిపిస్తే మంచం మీదే పడుకుని పాలివ్వండి. దిండ్లూ బొంతలూ అవతలికి తీసేయండి. మంచానికీ గోడకీ మధ్య పిల్లాడు జారేంత సందు ఉంచొద్దు. ఎవరికో ఇబ్బందని సోఫాలోకి వెళ్తున్నారేమో, ఆ మర్యాద వద్దు.

ఇక రాక్షసి, చెడగొట్టడం అన్నవి. ఈ రెండూ మీ మాటలు కావు, ఒకటి అత్తగారిది, ఒకటి ఆడపడుచుది. మన ఊళ్ళల్లో తల్లి పక్కలో పెరగని పిల్లాడెవడు? అలా పెరిగినవాళ్ళు చెడిపోయిందేమీ లేదు. అలాగే గదిలోనే, చేతికందే దూరంలో వేరే పక్క వేస్తే తల్లిని దూరం చేసినట్టూ కాదు. పసిపిల్లలు మొదటి ఆరు నెలలైనా తల్లిదండ్రుల గదిలోనే, వేరే పక్క మీద పడుకోవాలని ఆ అకాడమీవాళ్ళూ అంటారు. వేరే పక్క అంటే వేరే గది అని మీ ఇంట్లో అందరూ అనుకున్నట్టున్నారు. సగం గొడవ అక్కడే పుట్టింది.

మీవాడి వయసు కూడా లెక్కలోకి తీసుకోవాలి. నిద్రలో కారణం తెలియకుండా ప్రాణం పోయే ప్రమాదం రెండు నుంచి నాలుగు నెలల మధ్య ఎక్కువ, ఆరు నెలలు దాటాక బాగా తగ్గుతుంది. ఆ గండం చాలావరకు దాటారు. ఇప్పుడు మీవాడికి పొంచి ఉన్నది పడిపోవడం, బొంత ముఖం మీద పడడం, సందులో ఇరుక్కోవడం. పాకేవాణ్ణి ఎత్తు మంచం మీద వదిలి తల్లి నిద్రపోతే కిందటి నెల జరిగింది మళ్ళీ జరుగుతుంది. కాబట్టి పక్క మార్చాల్సిన అవసరం ఉంది. దానికి కారణం వాడి బుద్ధీ కాదు, మీ పెంపకమూ కాదు. మంచం ఎత్తు ఒక కారణం, రైలు నడిపే మనిషికి కావలసిన నిద్ర ఇంకో కారణం.

ఇక్కడ రెండు పనులు కలిసిపోయాయి, వాటిని విడదీయాలి. వాడు ఎక్కడ పడుకోవాలన్నది ఒక పని. ఏ ఊతంతో నిద్రలోకి జారాలన్నది ఇంకో పని. ఆడపడుచు చెప్పిన పద్ధతిలో ఈ రెండూ ఒకే రాత్రి మారిపోయాయి. ఉయ్యాల లేదు, అమ్మ పక్క లేదు, పాలూ లేవు. పసివాడి నిద్ర గంటకోసారి పలచబడుతుంది. కళ్ళు తెరిచి, అంతా పడుకున్నప్పటిలాగే ఉందని తోస్తే మళ్ళీ మూసుకుంటాడు. పాలు తాగుతూ పడుకున్నవాడు లేచేసరికి ఒంటరిగా చెక్క కమ్మీల మధ్య ఉంటే? రాయగడలో బండెక్కి కునుకు తీసినవాణ్ణి ఎవరో ఎత్తుకెళ్ళి తెలియని స్టేషన్‌లో దించేస్తే వాడూ కేకలేస్తాడు. పైగా ఎనిమిది, తొమ్మిది నెలల వయసులో అమ్మ కనబడకపోతే బెంగ మొదలవుతుంది. పిల్లలందరికీ వచ్చే దశ ఇది, మీవాడి మొండితనం కాదు.

ఏడవనిచ్చే పద్ధతి గురించి న్యాయంగా మాట్లాడాలి. అది పాపమని అత్తగారు అన్నంత మాత్రాన పాపం కాదు. ఆస్ట్రేలియాలో 6 నుంచి 16 నెలల మధ్య వయసున్న 43 మంది పిల్లల మీద చేసిన పరిశోధన 2016లో వచ్చింది. అందులో కొందరిని కొద్దికొద్ది నిమిషాలు పెంచుకుంటూ ఏడవనిచ్చారు, మధ్యలో వెళ్ళి పలకరిస్తూ వచ్చారు. ఏడాది తర్వాత చూస్తే తల్లితో అనుబంధంలో తేడా కనబడలేదు, నిద్ర మాత్రం బాగుపడింది. చిన్న పరిశోధనే, అయినా భయపడేవాళ్ళకి కొంత ధైర్యం. మీ ఆడపడుచు చెప్పింది ఇది కాదు, తలుపేసి వదిలేయడం.

అయినా మీ ఇంట్లో ఈ దారి ఇప్పుడు నడవదని నా అభిప్రాయం. రెండు గదుల క్వార్టర్‌లో ఏడుపు అందరికీ వినబడుతుంది. అర్ధరాత్రి డ్యూటీ పిలుపు కోసం పడుకున్న మనిషి ఒకవైపు, మనవడి ఏడుపు వినలేని పెద్దావిడ ఇంకోవైపు. అందరూ ఒక మాట మీద లేకపోతే నలభై నిమిషాలకో గంటకో ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. అప్పుడు వాడు నేర్చుకునేదల్లా గంట ఏడిస్తే పని జరుగుతుందని. కావాలనుకుంటే అత్తగారు ఊరెళ్ళిన నెలలో, భర్తకి వరుసగా విశ్రాంతి దొరికే రోజులు చూసి, రెండు నిమిషాలు, నాలుగు, ఆరు చొప్పున పెంచుకుంటూ మెల్లగా చేసుకోవచ్చు. తొందరగా ఫలితం కనబడుతుంది. కానీ ఆ రాత్రులు మీరు తట్టుకోగలరా అన్నది మీకే తెలియాలి. కుళాయి తిప్పి ఏడ్చే మనిషి ఈ పని పెట్టుకోకపోతేనే మంచిదని నాకనిపిస్తోంది.

నేను మొగ్గేది నెమ్మదైన దారి వైపు. క్రిబ్‌లో బట్టలు తీసేయండి. దాన్ని మీ మంచం పక్కన, మీరు పడుకునే వైపు, చెయ్యి చాపితే అందేలా పెట్టండి. పరుపు అడుగున ఉండే మెట్టుకి దించండి, ఈ నెలలోనో వచ్చే నెలలోనో వాడు కమ్మీ పట్టుకుని నిలబడతాడు. కొన్ని రోజులు రాత్రి జోలికి పోకండి. పగలు అందులో కూర్చోబెట్టి ఆడించండి, మీరు పక్కన కూరగాయలు తరుక్కోండి. మీరు కట్టి విడిచిన పాత నూలు చీరని పరుపు మీద బిగుతుగా పరిచి, అంచులు కిందకి మడిచేయండి. మీ వాసన ఉంటుంది, వదులు గుడ్డా ఉండదు. తర్వాత పగటి కునుకు ఒకటి అందులో. అది కుదిరాక రాత్రి మొదటి నిద్ర. నడిరాత్రి లేచినప్పుడు మంచం మీదకి తెచ్చుకున్నా కొంపలేమీ మునగవు, ఒక్కో మెట్టే.

పాలు మానిపించడం కాదు, నిద్రకీ పాలకీ మధ్య కాస్త ఎడం తేవాలి. రాత్రి పాలు దీపం వెలుగుతుండగా ఇవ్వండి. తర్వాత ముఖం తుడవడం, బట్ట మార్చడం, ఒక జోలపాట. రోజూ అదే వరుస, అదే వేళ. కళ్ళు మూతలు పడుతూ ఇంకా పూర్తిగా నిద్రపోకముందే క్రిబ్‌లో పెట్టి, వీపు మీదో గుండె మీదో చెయ్యి వేసి జోకొట్టండి. ఏడిస్తే ఎత్తుకోండి, ఊరుకున్నాక మళ్ళీ పెట్టండి. ఇందులో చిక్కేమిటంటే మొదటి వారం పది రోజులు ఇప్పటికంటే మీకు నిద్ర తక్కువవుతుంది. నాలుగో రాత్రికే ఇదంతా దండగనిపిస్తుంది. కుదురుకోవడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. ఈ వయసులో రాత్రి ఒకటి రెండుసార్లు పాలు అడగడం మామూలే, ఆ మేరకు లేవాల్సిందే.

క్రిబ్ అసలే వద్దనుకుంటే నేల పక్క ఉంది. మంచం మడిచేసి, గట్టి పరుపు ఒకటి నేల మీద వేసి, వాడిదొకటి పక్కన. పడే భయం ఉండదు, అత్తగారూ ఒప్పుకుంటారు. కానీ మీ దగ్గర చలికాలం నేల జిల్లుమంటుంది, వానాకాలం జెర్రులూ తేళ్ళూ రాకుండా చూసుకోవాలి. పైగా పాకేవాడు లేచి గదంతా తిరుగుతాడు. ప్లగ్గులు, అలమారా, నీళ్ళ బకెట్టు, అన్నీ వాడికి అందుతాయి. గదిని ముందు వాడికి తగినట్టు సర్దాలి.

చీర ఉయ్యాల సంగతి. అత్తగారి కోపం నాకర్థమవుతుంది, మనందరం అందులో ఊగినవాళ్ళమే. కానీ కూర్చోవడం వచ్చిన పిల్లాడు ఉయ్యాలలో లేచి అంచు పట్టుకుంటే తలకిందులవుతాడు, చీర మెడకి చుట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. పగలు ఎదురుగా మనిషి కూర్చుని ఊపేటప్పుడు కాసేపంటే ఒప్పుకోవచ్చు. రాత్రంతా వద్దు. ఊపు ఆగగానే లేచే అలవాటు మళ్ళీ మొదలవుతుంది, ఊపేవాళ్ళెవరు?

ఏదీ వద్దు, సంక్రాంతి దాకా ఇలాగే అన్నా నేను తప్పు పట్టను. మీరూ పండక్కి పార్వతీపురం వెళ్తారేమో. పదిమంది ఉన్న ఇంట్లో నాలుగు రాత్రులు గడిస్తే నేర్చుకున్నది సగం మరిచిపోతాడు, తిరిగొచ్చాక మళ్ళీ పట్టాలెక్కించాలి. అలా ఆగేటట్టయితే ఎత్తు మంచం మాత్రం దించేయండి. ఇంకో మాట, తొమ్మిది నెలలు నిండగానే ఎం.ఆర్. (తట్టు, రూబెల్లా) టీకా ఉంటుంది. వేసిన వారం పది రోజులకి కొందరి ఒళ్ళు వెచ్చబడుతుంది. ఆ రోజుల్లో కొత్త అలవాటు మొదలుపెట్టొద్దు. మీది మలేరియా ఉన్న జిల్లా. జ్వరం టీకాదే అయ్యుంటుందిలే అని ఊరుకోకుండా ఆశా కార్యకర్తతో రక్తపరీక్ష చేయించండి.

ఏ పక్కయినా దోమతెర తప్పదు. క్రిబ్ చుట్టూ బయటి నుంచి, పైనుంచి వేలాడేలా కట్టండి, లోపల పిల్లాడి చేతికి అందకూడదు. మూసిన గదిలో దోమల చుట్ట, పడుకునే ముందు సాంబ్రాణి పొగ వద్దు. చలికి బొంత కప్పకండి, మీరు తొడుక్కున్నదానికంటే ఒక పొర ఎక్కువ తొడిగితే చాలు. నిద్రలో ఉన్ని కుళ్ళాయి తీసేయాలి. దీనికి అత్తగారు నొచ్చుకుంటారు, చేతులూ కాళ్ళూ కప్పి ఉన్నాయని చూపించండి.

ఆవిణ్ణి ఎదురుపక్షంలో కూర్చోబెట్టకండి. మీ దగ్గర పాల వాసన వస్తే వాడికి నిద్ర కంటే పాలే గుర్తొస్తాయి. నాన్నమ్మ దగ్గర ఆ గోల లేదు. సాయంత్రం స్నానం, జోలపాట, జోకొట్టడం ఆవిడకి అప్పగించి చూడండి. “మీ చేతిలో అయితే తొందరగా పడుకుంటున్నాడు అత్తయ్యా” అనండి, నిజమయ్యే అవకాశమే ఎక్కువ. అయితే ఆవిడ ఊరెళ్ళిన నెలలో వాడు వెతుక్కుంటాడు. అందుకని వారంలో రెండు మూడు రాత్రులు మీరో, ఇంట్లో ఉన్నప్పుడు వాళ్ళ నాన్నో ఆ పని చేయాలి.

ఆయన మౌనం మీకు ఎక్కువ బాధగా ఉన్నట్టుంది. నాకు దూరం నుంచి తోచింది చెబుతాను, తప్పయితే కొట్టేయండి. బిడ్డ మీదకి దొర్లుతానని భయపడి చాప ఎక్కిన మనిషి పట్టనివాడు కాదు. తల్లికీ చెల్లికీ మధ్య మాట్లాడితే ఎవరో ఒకరికి కోపమొస్తుందని ఊరుకున్నాడేమో. డ్యూటీ నుంచి వచ్చిన వెంటనే కాదు, బాగా పడుకుని లేచిన ఒక మధ్యాహ్నం అడగండి. “మీకేం కావాలి” అని కాదు, “సెలవు రోజు రాత్రి రెండు నుంచి తెల్లారేదాకా మీరు చూస్తారా” అని. ఆయన నిద్ర మీద ఒక బండి భద్రత ఆధారపడి ఉంది కాబట్టి డ్యూటీ ముందు రాత్రులు ముందు గదిలో పడుకోవడం సబబే. విశ్రాంతి రాత్రులకి ఆ లెక్క వర్తించదు.

మీ సంగతి. నెలల తరబడి రాత్రికి అయిదారుసార్లు లేస్తున్న ఒంటికి ఏడుపు రావడం వింత కాదు. కానీ పిల్లాడు పడుకున్నప్పుడు కూడా మీకు నిద్ర పట్టకపోతే, దేని మీదా ఇష్టం లేకపోతే, లేనిపోని ఆలోచనలొస్తే, అది అలసట ఒక్కటే అనుకోవద్దు. కాన్పు తర్వాత వచ్చే దిగులుకి మందుంది, మాటలతో చేసే వైద్యమూ ఉంది. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ వాళ్ళ 14416కి ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. పిల్లాణ్ణి టీకాకి తీసుకెళ్ళినప్పుడు అక్కడి డాక్టరుకి మీ గురించి కూడా ఒక మాట చెప్పండి. అదే రోజు పిల్లాడి సంగతి కూడా అడగాల్సినవి కొన్ని: నిద్రలో గురక పెడుతున్నా, ఊపిరి మధ్యలో ఆగినట్టున్నా, బరువు సరిగ్గా పెరగకపోయినా ఇది అలవాటు సమస్య కాదు, వైద్యం చేయాల్సింది.

తా.క.కి జవాబు. కమ్మీల మధ్య ఆరు సెంటీమీటర్లకి మించి సందు ఉండకూడదు, స్కేలు పెట్టి కొలవండి. పరుపుకీ క్రిబ్ గోడకీ మధ్య మీ రెండు వేళ్ళు పట్టేంత సందున్నా పరుపు మార్చాలి. ఆడపడుచు దాంతోపాటు చుట్టూ కట్టే మెత్తటి దిండ్ల పట్టీలు పంపి ఉంటే కట్టకండి, బొమ్మలూ లోపల వద్దు. వాడినది కాబట్టి మరలన్నీ బిగించి, ఊపి చూడండి. పక్క దించే రకమైతే, అంటే ఒక వైపు కిందకి జారేదైతే, దాన్ని మళ్ళీ బట్టలకే వాడుకోండి, నేల పక్క వేయండి.